వెబ్‌సైటులో దారి కనుగొను పరీక్షలు

(గ్రామ సచివాలయ ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, రైతులు కూడిన సభలో నరసరావుపేటయందు చేసిన ప్రసంగము)



గుంటూరు నుండి మాచర్లకు రైలులో మొదటిసారి పోవువానికి నడికుడి వద్ద ఒక సందేహము కలుగును. అచ్చట రైలుదారి రెండుగా చీలుచున్నది. ఒకటి కృష్ణానది దాటి మిర్యాలగూడ వైపు పోవును. రెండవది గురజాల మీదుగా మాచర్ల చేరును. బోర్డు స్పష్టముగా ఉన్నచో ఆ కొత్తవాడు ఎవరినీ అడుగనక్కరలేదు. బోర్డుమీది మాట అతనికి తెలియని మాటయైనచో పక్కవానిని అడుగవలెను. ఆ పక్కవానికి తెలిసినచో సరి; తెలియకయే తెలిసినట్లు చెప్పినచో మాచర్లకు పోవలసినవాడు ఏటి ఆవల తేలును.

నేడు ప్రభుత్వ సేవ కోరు రైతుకు ఇట్టి నడికుడులు ఫోను తెరమీద పదేపదే ఎదురగుచున్నవి. 2011లో మీసేవ వచ్చినది. 2015లో భూమి లెక్కలు చూచుకొనుటకు మీభూమి వెబ్‌సైటు వచ్చినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడి, జిల్లా కేంద్రము ఈ నరసరావుపేటకు వచ్చినది. 2025 జనవరి 30వ తేదీన మన మిత్ర అను పేరుతో 161 సేవలు వాట్సాప్ ద్వారా అందుటకు ఆరంభమైనవి. ఆఫీసు ఊరికి దగ్గరయైనది. ఆఫీసులోని కాగితము చేతిలోని ఫోనుకు వచ్చినది. ఇది చిన్న మార్పని ఎవరును అనలేరు. అయినను కాగితము ఫోనులో ఉండుటకును, అది రైతుకు దొరకుటకును నడుమ ఒక దారి కలదు. ఆ దారి సరిగా ఉన్నదో లేదో ఎట్లు పరీక్షింపవలెనో, అందులో మీరు చేయగల పని ఏదో చెప్పుటకే మేము నేడు మీ ఎదుట నిలిచితిమి.

దారి దొరకనివాడు ఏమి చేయుచున్నాడో మీరెరుగుదురు. మిరప కోతల దినములలో పని వదలి, బస్సెక్కి పట్టణమునకు పోవుచున్నాడు. లేదా ఊరిలో ఫోను బాగుగా తెలిసిన కుర్రవానికి తన ఫోను అప్పగించుచున్నాడు. ఫోనుతోపాటు ఆధారు నంబరును, ఓటీపీని కూడ అప్పగించుచున్నాడు. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చును. అయినను ఇంటి తాళపుచెవి పొరుగువాని మొలలో ఉండుట ఎవరికిని నెమ్మది నియ్యదు.

వెబ్‌సైటును తయారుచేయువారు దానిని పరీక్షింపకయే మనకు ఇత్తురని మేము చెప్పబోము. బటను నొక్కినచో పుట తెరచుకొనుచున్నదా, అంకెలు సరిగా వచ్చుచున్నవా అని వారు చూతురు. అది యంత్రమునకు పరీక్ష. మేము చెప్పునది వేరు. వాడువారిని కూర్చుండబెట్టి, వారికి ఒక పని చెప్పి, ఆ పనికి వారు దారి ఎట్లు వెదకుదురో పక్కన కూర్చుండి చూడవలెను. దీనిని వాడుక పరీక్ష అందము. వినుటకు ఇంత సులభముగా ఉన్న ఈ పరీక్ష ఒకచోట చిక్కుపడును. పరీక్షకు కూర్చున్నవానికి పనిని ఏ మాటలతో చెప్పవలెను? అసలు కష్టమంతయు ఇందే కలదు.

మేము మొదట చేసిన తప్పును దాచక చెప్పెదము. గురజాల ప్రాంతమున ఒక గ్రామములో, వేపచెట్టు క్రింది అరుగుమీద, పాత పెండ్లి పత్రికల వెనుకవైపున స్కెచ్ పెన్నుతో మాటలు వ్రాసి ఒక కాగితపు వెబ్‌సైటు తయారుచేసితిమి. పై వరుసలో ఆరు అట్టలు. ఎవరైన ఒక అట్టను తాకినచో దాని క్రిందికి వచ్చు అట్టలను పరచుచుంటిమి. క్రింది అట్టలలో ఒకదానిమీద 1-బి అని వ్రాసి యుండెను. అన్నిటిని పరచి, “వీటిలో 1-బి ఎక్కడున్నదో చూపండి” అని అడిగితిమి. తొమ్మిదిమంది కూర్చుండిరి, తొమ్మిదిమందియు వెంటనే చూపిరి. మేము సంతోషించి, అందరికిని దారి తెలిసినదని పుస్తకములో వ్రాసికొంటిమి.

అందరును లేచి పోవుచుండగా ఏబది దాటిన ఒక రైతు ఆగి, “అయ్యా, మా నాయన పోయి రెండేళ్లాయె. పొలం మా అన్నదమ్ముల పేరున ఎక్కిందో లేదో చూసుకోవాలంటే వీటిలో ఏది ముట్టుకోవాల?” అని అడిగెను.

అతడు వెదకుచున్నది 1-బినే. కొన్ని నిమిషములకు ముందు తన వ్రేలితో చూపినది ఆ అట్టనే. మిగిలినవారిని అడిగితిమి. ఒకరు పాసుపుస్తకము అను అట్టను, ఒకరు దరఖాస్తులు అను అట్టను తాకిరి. ఒక కళాశాల విద్యార్థిని అన్నిటిని చూచి, “ఇందులో లేదండీ” అనినది. మేము అంతకుముందు అడిగిన ప్రశ్న కంటి డాక్టరు గోడమీది అక్షరములను చూపి అడుగు ప్రశ్న వంటిది. అక్షరము కనబడినదో లేదో తెలిసినది గాని, దారిని గురించి ఏమియు తెలియలేదు. పుస్తకములో వ్రాసిన వాక్యమును కొట్టివేసితిమి.

ఈ పొరపాటు మాకు మాత్రమే కలిగినది కాదు. ఐకియా అను స్వీడన్ దేశపు సామానుల సంస్థ 2018లో హైదరాబాదులో దుకాణము తెరచినది, మీలో కొందరు చూచియుందురు. ఆ సంస్థ వెబ్‌సైటును గురించి అమెరికాలోని జారెడ్ స్పూల్ అను నిపుణుడు ఒక సంగతి చెప్పుచుండును. పుస్తకముల బీరువాను వెదకుమని వాడువారికి చెప్పగా, అందరును వెదకు పెట్టెలో ఆ మాటనే వ్రాసి వెంటనే చేరుకొనిరట. తరువాత అతడు పనిని మార్చి, మీ ఇంటిలో రెండువందలకు పైగా పుస్తకములు పెట్టెలలో చిందరవందరగా ఉన్నవి, వాటిని సర్దుకొనుటకు ఒక ఉపాయము చూడుడు అని చెప్పెను. అప్పుడు వారి నడక మారిపోయినది. విభాగములు వెంట తిరుగజొచ్చిరి. వెదకు పెట్టెలో వ్రాసినవారును అరలు అనియో మరేదో అనియో వ్రాసిరి గాని బీరువా అను మాట వ్రాయలేదు. వస్తువు పేరును చేతికిచ్చినచో మనిషి దానిని వెదకును, అవసరమును చెప్పినచో తన ఇంటిలో ఆలోచించునట్లు ఆలోచించును.

కావున తెరమీద ఉన్న మాట పనిలో రాకూడదు. ఇది మొదటి నియమము. దీనిని పాటించుట అనుకొన్నంత సులభము కాదు, ఏలననగా మన సచివాలయ ఉద్యోగులకు శాఖల మాటలు నోటికి అలవాటైయున్నవి. ఆ రైతు అడిగిన మాటనే మేము రెండవసారి పనిగా వ్రాసికొంటిమి: “మీ నాయన పొలం మీ పేరున మారిందో లేదో తెలుసుకోవాలి. యాడ చూస్తారు?” ఊరి మాటలోనే వ్రాసితిమి. ఈ సభలో మేము మాట్లాడుచున్న భాషలో పని చెప్పినచో సగముమంది అర్థము అడుగుటకే కాలము గడుపుదురు.

మాటల సంగతి వచ్చినది గనుక కొంచెము ఆగి చెప్పెదము. అడంగలు అనునది గ్రామ లెక్కలలో మూడవది. ఏ చేలో ఎవరు ఏ పైరు వేసిరో అందు తెలియును. 1-బి అనునది 1971 నాటి భూమి హక్కుల చట్టము ప్రకారము ఉంచు రిజిస్టరు. ఎవరి పేర ఎంత భూమి కలదో అందు తెలియును. పొలము కొనబోవువాడు దానిమీద రిజిస్టరైన తాకట్టు ఉన్నదో లేదో చూడగోరినచో అతనికి కావలసినది ఈసీ; అది రెవిన్యూ శాఖ వద్ద దొరకదు, రిజిస్ట్రేషను శాఖ వద్ద దొరకును. రైతుకు పొలము ఒక్కటే. అది మూడు కాగితములుగా, రెండు శాఖలుగా విడిపోయిన సంగతి అతనికి ఎవరు చెప్పిరి? అందుచేతనే, “పక్క చేను అమ్ముతానంటున్నాడు, బయానా ఇచ్చేముందు దాని మీద అప్పుందేమో చూసుకోవాలి” అని పని చెప్పినచో చాలమంది భూమి లెక్కల దగ్గరకే పోవుదురు. అమ్మువాని పేరు 1-బిలో కనబడగానే, అప్పు లేదని తలచి ఫోను మూయుదురు. దారి తప్పి తిరిగి వచ్చినవాడు నయము. తప్పుచోటికి చేరి చేరవలసినచోటనే ఉన్నానని నమ్మినవాడు బయానా పోగొట్టుకొనును. పరీక్షలో ఇట్టివానిని కనిపెట్టుటకై, ఆగినచోట “దొరికిందా? దీన్నిబట్టి బయానా ఇస్తారా?” అని తప్పక అడుగవలెను.

అడంగలు అను మాట కఠినమైనదని పట్టణముల నుండి వచ్చువారు తలచుట మేము చూచితిమి. 1984లో కరణముల పద్ధతి రద్దయినను ఆ మాట మాత్రము పల్లెలలో పోలేదు. అరువదేండ్ల రైతుకు అది అన్నము, నీరు వంటి మాట. ఇంజనీరింగు చదువుచున్న అతని మనుమరాలికే అది తెలియదు. ఆమెకు తెలిసిన ల్యాండ్ రికార్డ్సు అను మాట అతనికి తెలియదు. ఇద్దరిని పరీక్షింపక ఏ మాట సులభమో ఇంటిలో కూర్చుండి తీర్మానింపరాదు.

రీసర్వే జరిగిన గ్రామములలో ఇంకొక చిక్కు కలదు. అచ్చట పాత సర్వే నంబరు స్థానమున ఎల్.పి.ఎం. నంబరు వచ్చినది. తాతనాటి సర్వే నంబరు రైతుకు కంఠస్థము. కొత్త నంబరున్న కాగితము ఇంటిలో పెట్టె అడుగున ఉండును. పనితోపాటు ఈ నంబరు వేయండి అని మనమే చెప్పినచో ఆ కష్టము మనకు కనబడదు. ఒక నమూనా కాగితము వ్రాసి, అందు రెండు నంబర్లును ఉండునట్లు చేసి, చేతికిచ్చి ఊరకుండవలెను. అతడు దేనిని చదివి వేయునో చూడవచ్చును.

పని ఎవరికి ఇచ్చుచున్నామో వారి బ్రతుకునకు తగినదై ఉండవలెను. కౌలు రైతుకు తండ్రి పొలము పేరు మార్పును గురించిన పని ఇచ్చిన ఏమి ఫలము? అతడు మర్యాదకు వెదకును, అవసరముతో వెదకడు. అతనికి ఇవ్వదగిన పని ఇది: “కౌలుకు వేసిన మిరప తోట వానకు దెబ్బతిన్నది. పంట మీ పేరున నమోదైందో లేదో చూసుకోవాలి.” పంట పేరు ఈ-క్రాపులో ఎక్కకున్నచో బీమాకును, పరిహారమునకును చిక్కు వచ్చును గనుక ఇది అతని గుండెకు తగులు పని. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలల కార్డు పొందినవాడు ఒక దారిన పోవును. యజమాని అంగీకరింపక కార్డు లేనివాడు వేరొక దారిన పోయి ఎక్కడనో ఆగిపోవును. ఆగిపోయిన ఆ చోటును వ్రాసికొనుడు. తయారుచేసినవారికి పంపదగిన విలువైన సమాచారము అదియే.

ఇక అన్నిటికంటె కష్టమైన పని నోరు మూసికొని కూర్చుండుట. సచివాలయ ఉద్యోగులకు ఇది మరింత కష్టము. సాయము చేయుటయే వారి ఉద్యోగము గదా! పెద్దవాని వ్రేలు తప్పు బటను వైపు పోవుచుండగా మన చేయి తనంతతానే ముందుకు సాగును. చేతులు కట్టుకొని కూర్చుండుడు. మేము అట్లే చేసితిమి. “ఇదేనా?” అని అడిగినచో అవుననిగాని కాదనిగాని అనరాదు. “నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?” అని మాత్రము అడుగవలెను. ముఖమున సంతోషమును చూపరాదు. రైతులు మబ్బును చూచి వాన చెప్పువారు, మన ముఖము చూచి దారి కనుగొనలేరా?

మొదలుపెట్టుటకు ముందు చెప్పవలసిన మాట ఒకటి కలదు. “పెదనాన్నా, ఈ పరీక్ష మీకు కాదు, ఈ పేజీకి. మీకు దారి దొరక్కపోతే తప్పు దీనిదే” అని నిదానముగా చెప్పవలెను. లేనిచో రెండుసార్లు తప్పగానే “నాకు చదువు రాదులే నాయనా” అని ఫోను తిరిగి ఇచ్చివేయుదురు. స్త్రీలను కూర్చుండబెట్టినప్పుడు భర్తయో కుమారుడో వెనుక నిలిచి వ్రేలు చూపుట మేము ప్రతి ఊరిలోను చూచితిమి. ఆ కుమారునికి మరియొక చోట వేరుగా పని ఇచ్చి కూర్చుండబెట్టుట మంచి ఉపాయము.

ఎంతమందిని పరీక్షింపవలెనని విద్యార్థులు అడుగుచున్నారు. జేకబ్ నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు ఐదుగురితో దాదాపు 85 శాతము లోపములు బయటపడునని 2000లో వ్రాసెను. మరుసటి సంవత్సరమే స్పూల్, విల్ ష్రోడర్ అనువారు కలిసి ఆ ఐదుగురు ఏమాత్రము చాలరని వాదించిరి. మా అభిప్రాయమేమనగా, ఐదుగురు చాలుదురు, కాని ఒక్కొక్క తరగతికి ఐదుగురు. సొంత పొలము గల రైతులు ఐదుగురు, కౌలు రైతులు ఐదుగురు, పొదుపు సంఘముల స్త్రీలు ఐదుగురు. ఒక ఊరి పెద్దలను ఐదుగురిని పిలిచి టీ ఇచ్చి పరీక్ష ముగిసినదనుకొనుట తగదు. ప్రతివారికిని పనులు ఒకే వరుసలో ఇవ్వరాదు. మొదటి పనిలో తిరిగిన దారి రెండవ పనికి గుర్తుండును గనుక వరుస మార్చుచుండవలెను.

వ్రాసికొనవలసినవి అనేకము లేవు. మొదట దేనిని తాకిరి, ఎచ్చట వెనుకకు మరలిరి, అప్పుడు నోట వచ్చిన మాట ఏది, చివర దొరికినదని నమ్మిరా. వీనిలో మొదటి తాకుడు ముఖ్యము. బాబ్ బెయిలీ, కారీ వుల్ఫ్‌సన్ అను అమెరికా పరిశోధకులు లెక్కవేయగా, మొదటి నొక్కు సరియైనవారిలో 87 శాతము పని పూర్తిచేసిరి. మొదటి నొక్కు తప్పినవారిలో 46 శాతమే పూర్తిచేసిరి. నడికుడిలో తప్పు రైలెక్కినవాని సంగతి ఇదే. నోట వచ్చిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయుడు. “ఇదేందయ్యా, ఆధార్ యాడ అడుగుతుంది?” అన్నచో అట్లే వ్రాయవలెను. దానిని దిద్ది “వినియోగదారుడు అయోమయమునకు లోనయ్యెను” అని వ్రాసిన వాక్యము ఎవరికిని ఉపయోగపడదు.

ఫోనుమీద పరీక్ష చేయునప్పుడు ఎవరి నిజమైన ఆధారు నంబరును, ఓటీపీని వాడరాదు, పుస్తకములో వ్రాయరాదు. దరఖాస్తు పంపు బటను వచ్చినచోట పని ఆగిపోవలెను. పరీక్షకని ఒకరి పేర నిజమైన దరఖాస్తు పడినచో దానిని తిరిగి తీయుట మీకు మరియొక తిరుగుడగును. ఈ భయములేవియు లేని పద్ధతి పెండ్లి పత్రికల పద్ధతి. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన డోనా స్పెన్సర్ అను ఆమె వెబ్‌సైటు శీర్షికలను అట్టలమీద వ్రాసి ఇట్లే పరీక్షించు విధానమును ప్రకటించినది. కరెంటు లేకున్నను, సిగ్నలు లేకున్నను అది సాగును. శీర్షికల పేర్లు మార్చవలెనన్నచో అట్ట వెనుకకు త్రిప్పి వ్రాసిన చాలును. అట్టలతో దారి కుదిరిన పిమ్మట ఫోనుమీద చూడవచ్చును.

కాలమును గురించి ఒక మాట. మిరప కోతలలోను, పత్తి తీతలలోను ఎవరినీ పిలువకుడు. వచ్చినను తొందరలో అన్నిటికి “తెలిసిందిలే” అందురు. నాట్లకు ముందు, ఈ-క్రాపు నమోదు ఆరంభము కాకమునుపు చేసిన పరీక్షలో తేలిన లోపమును ఆ పైరుకే సవరింపవచ్చును. కేంద్ర ప్రభుత్వము తన వెబ్‌సైటుల కొరకు 2009లో మార్గదర్శక సూత్రములు ప్రకటించి, 2023లో మూడవ కూర్పు వెలువరించినది. కావున వెబ్‌సైటు అందరికిని తెలియునట్లుండవలెనని కోరుట మన గొంతెమ్మ కోరిక కాదు. మీ కాగితముమీద ఊరి పేరు, తేదీ, పని చెప్పిన మాటలు, ఆగిపోయిన చోటు వ్రాసి పంపినచో చదువువారికి వాదించుటకు తావుండదు.

మేము చెప్పునది ఇంతటితో అయినది. మూడు కట్టల అట్టలు ఈ బల్లమీద కలవు. ఒకటి భూమి లెక్కలకు, ఒకటి పంట నమోదుకు, ఒకటి పింఛనులకు. వాటిని మా చేతులతో మేమే వ్రాసితిమి గనుక తప్పులు తప్పక ఉండును. పింఛను కట్టకు ఇంకను మంచి పని కుదరలేదు. మీలో ఎవరి తల్లికైన పింఛను ఆగి తిరిగి వచ్చినచో, అప్పుడు ఆమె మొదట అడిగిన మాట ఏమో మాకు చెప్పుడు, దానినే వ్రాసికొందుము. ఉద్యోగులు చేతులు కట్టుకొని వెనుక వరుసకు పోవుడు. వెనుక కూర్చున్న పెద్దలు ముగ్గురు ముందుకు రావలెనని కోరుచున్నాము.